బొటనవేలి రాజ్యం

మన తాతలు బొటనవేలు పెట్టి బతికారు. పట్వారీ ముందు, సాహుకారు ముందు, గిర్దావరు ముందు సిరా అద్దిన వేలు కాగితం మీద ఒత్తితే పని అయిపోయేది. కాగితంలో ఏముందో సాహుకారుకు తెలుసు, వేలు తనదేనని తాతకు తెలుసు. 1990ల్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చి, నాట్లేసి అలసి వచ్చిన ఆడవాళ్లను రాత్రి బడిలో కూర్చోబెట్టి, పలక చేతికిచ్చి, పేరు రాయడం నేర్పింది. వేలికి మసి అంటకుండా బ్యాంకు నుంచి బయటికొచ్చిన రోజు వాళ్లకు పండుగే. ఆ పండుగ ఒక తరం కూడా నిలవలేదు. వాళ్ల మనవలు కార్పొరేట్ కాలేజీలో చదివి, ఇంజనీరింగ్ చేసి, గ్రూప్ వన్‌కు కోచింగ్ తీసుకుని, తిరిగి తిరిగి బొటనవేలి దగ్గరికే వచ్చి ఆగారు. తేడా రంగులోనే. తాతది నల్లగా ఉండేది, మనవడిది పసుపుపచ్చగా ఉంటుంది.

కరీంనగర్‌లో ఇప్పుడు పాలన నడుస్తున్నది ఆ పచ్చ వేలి మీదే. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ "మూడు దినాల సంది నల్లా వస్తలేదు, జర చూడుండ్రి అన్నా" అని పెడుతుంది. అన్న దగ్గర్నుంచి బొటనవేలు వస్తుంది. చూశాననా? చూస్తాననా? నీళ్లు రాకపోవడం భేషుగ్గా ఉందనా? ఆవిడ ఆ వేలిని అన్ని వైపుల నుంచీ చూసుకుని, మర్యాద తప్పకూడదని రెండు చేతులు జోడించిన బొమ్మ పెడుతుంది. అన్న దాని మీద ఎర్ర గుండె కొడతాడు. ఫిర్యాదు అందింది, విచారణ జరిగింది, పరిష్కారం అయిపోయింది. మొత్తం ఖర్చు మూడు బొమ్మలు. నల్లా మాత్రం బొమ్మలకు లొంగే రకం కాదు.

అన్నను తప్పుపట్టి లాభం లేదు. మాట రాస్తే మాటకు కట్టుబడాలి. "రేపు పంపిస్త" అని రాస్తే రేపు అనే రోజు ఒకటి నిజంగానే వస్తుంది. ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి మొఖాన కొడతాడు. బొటనవేలికి రేపు లేదు, ఎల్లుండి లేదు. కర్త లేడు, క్రియ లేదు, కాలం అసలే లేదు. ఎన్నికలు మొదలైన నాటి నుంచి నాయకులు వెతుకుతున్న వాక్యం ఇదే. జపాన్ వాడు కనిపెట్టి చేతిలో పెట్టాడు.

చావు కబురు దగ్గర ఈ విద్య ఇంకా ముదిరింది. "మా పెద్దబాపు కాలం జేసిండు, పొద్దున పదింటికి అంతిమయాత్ర" అని గ్రూపులో పడీ పడగానే జోడించిన చేతులు వరస కడతాయి. చనిపోయిందెవరో చదవకుండానే జోడిస్తారు; పైనవాడు జోడించాడు గనక కిందవాడూ జోడిస్తాడు. ఆ చేతుల మధ్యలో ఓ రిటైర్డ్ సారు కళ్లవెంట నీళ్లు కారుతున్న ముఖం పెడతాడు. పాపం, ఏడుపే అనుకున్నాడు. అది పగలబడి నవ్వీ నవ్వీ కన్నీళ్లు తెచ్చుకున్న ముఖం. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 2015లో ఆ ముఖాన్నే ఆ ఏటి మేటి మాటగా ఎన్నుకున్నారు, అది మాట కాకపోయినా. అంతమంది పండితులు చూసి మెచ్చిన నవ్వును సారు పాడె ముందు పెట్టాడు. "అయ్యో" అని రెండక్షరాలు రాసుంటే ఏ చిక్కూ లేదు. కానీ అయ్యో రాయాలంటే వత్తు వెతకాలి, ఓత్వం వెతకాలి. ఏడుపు ఒక్క నొక్కుకే దొరుకుతుంది, అది నవ్వైనా సరే.

నిజానికి ఒక్క నొక్కుకు దొరికేవి ఆ ముఖాలే. మన బతుకులో ఉన్న వస్తువేదైనా కావాలంటే మాత్రం కీబోర్డు అడుగు దాకా తవ్వాలి. ఆదిలాబాద్ రైతు మార్కెట్లో ధర ఎంతుందని అడగడానికి పత్తి బొమ్మ వెతికితే దారపు రీలు, నూలు ఉండ దొరుకుతాయి. దళారీ, జిన్నింగు మిల్లూ, మిగతా పెద్దలూ తిన్నాక మిగిలేది ఆ ఉండే కాబట్టి లెక్క ఒక రకంగా సరిపోయింది. జొన్నరొట్టె లేదు, సర్వపిండి లేదు, సకినాలు లేవు. పుల్లకు గుచ్చిన జపాన్ ఉండలున్నాయి, గులాబిరంగు సుడి తిరిగిన చేప ముక్క ఉంది. సంక్రాంతికి సకినాల బొమ్మ దొరక్క కోడలు అత్తగారికి అమెరికా డోనటు పంపి సరిపెడుతుంది. అత్తగారు దానికీ బొటనవేలు పెడుతుంది.

ఈ కరువుకు కారణం ఈ బొమ్మల పుట్టుకలోనే ఉంది. 1999లో ఎన్‌టీటీ డొకోమో అనే జపాన్ ఫోన్ కంపెనీ కోసం షిగెటాకా కురిటా అనే ఆయన 176 బొమ్మలు తయారుచేశాడు. ఒక్కోటి అడ్డం పన్నెండు, నిలువు పన్నెండు చుక్కల గడి; అంత ఇరుకులోనే వాన, రైలు, హోటలు, గుండె అన్నీ ఇమిడ్చాడు. ఆ పని మీద నాకు గౌరవమే. ఒక కంపెనీ ఫోన్లో పెట్టిన బొమ్మ ఇంకో కంపెనీ ఫోన్లో కనపడక తలనొప్పి మొదలయ్యాక, ప్రపంచ లిపులన్నిటికీ నంబర్లు వేసే యూనికోడ్ సంస్థ 2010లో వాటిని మూకుమ్మడిగా లోపలికి తీసుకుంది. అందుకే కీబోర్డు నిండా వాళ్ల పండుగలే: బొమ్మలకొలువు, చేపల జెండాలు, వెదురుకొమ్మకు కోరికల చీటీలు, చందమామను చూసే రాత్రి. ముందుగా రాసుకున్నవాడిది పండుగ. మన మీద దయ 2019లో కలిగింది: చీర, ఆటో, ప్రమిద, గుడి ఒకేసారి మంజూరయ్యాయి. దక్షిణాసియాలో వందకోట్లకు పైగా జనానికి నాలుగు బొమ్మలంటే, మన రేషన్ కోటా లెక్కల్లో అది తక్కువేం కాదు.

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే మంచిదని పంజరంలో పెట్టి మరీ ఊరేగించి చూపిస్తాం. ఫోన్లో పాలపిట్ట లేదు. మంటల్లోంచి లేచొచ్చే ఫీనిక్స్ ఉంది, 2023లో చేర్చారు. లేని పక్షికి చోటు దొరికింది, ఉన్న పక్షికి దొరకలేదు. దసరా రోజు పాలపిట్ట కావాలన్నవాళ్లు చిలుకతో సర్దుకుంటున్నారు.

మరి బతుకమ్మ సంగతేమిటి అని తెలంగాణవాదులెవరైనా ఆవేశపడితే, ఆవేశం ఒక్కటే చాలదు, దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త బొమ్మ కోసం ఎవరైనా యూనికోడ్‌కు ప్రతిపాదన పంపొచ్చు, ఫీజు లేదు, సిఫారసు ఉత్తరం అక్కర్లేదు. అసలు షరతు ఒకటుంది. ఆ వస్తువు కోసం జనం అంతర్జాలంలో ఎంతగా వెతుకుతున్నారో గీతలు గీసి చూపాలి, ఆ గీతను ఏనుగు గీత పక్కన పెట్టాలి. కొలబద్ద నిజంగా ఏనుగే. వాళ్ల నిబంధనల్లో అట్లాగే రాసి ఉంది. ఏనుగు కోసం ప్రపంచమంతా, ఏడాది పొడుగునా, అందులోనూ ఇంగ్లిషులో వెతుకుతుంది. బతుకమ్మ తొమ్మిది రోజులు ఆడి చెరువులో కలిసిపోతుంది. ఆ తొమ్మిది రోజులూ మన అక్కచెల్లెళ్లు తంగేడు పూల కోసం గుట్టలెక్కుతారు గానీ ఫోన్లో బతుకమ్మ అని కొట్టి వెతుకుతూ కూర్చోరు. అందుకని గునుగు, తంగేడు, బంతి ఒకవైపు, ఏనుగు ఒకవైపు నిలబడితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి కమిటీ అక్కర్లేదు. దేవతల బొమ్మలు తీసుకోం అని కూడా వాళ్లు ముందే చెప్పేశారు. బతుకమ్మ పువ్వా, దేవతా అన్న వాదన కాలిఫోర్నియాలో మొదలైతే దసరా దాటి దీపావళి దాకా సాగుతుంది.

పోనీ, బతుకమ్మ బొమ్మ లేనందుకు ఎవరి ప్రాణమూ పోదు. నాలుగక్షరాలు రాస్తే తంగేడు వాసనతో సహా వచ్చి కళ్ల ముందు నిలబడుతుంది. మనకు అక్షరం ఉంది. అది ఎప్పుడు పడితే అప్పుడు కనపడుతుంది, నొక్కితే పడుతుంది. అంత తేరగా దొరుకుతున్నది గనకే దాన్ని వదిలి బొమ్మల వెంట పడుతున్నాం.

అక్షరం అంత తేరగా దొరకనివాళ్లూ మన పక్కనే ఉన్నారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. గోండుల భాష గోండీకి లిపి లేదని పెద్దలు ఏనాడో తీర్మానం చేసేసి కూర్చున్నాక, ఆ ఊళ్లో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. తెలుగు కాదు, దేవనాగరి కాదు, గోండీ సొంత లిపి. ప్రతులు 1750 ప్రాంతానివని పరిశోధకుల అంచనా. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని వెంటపడి లోకానికి చూపించారు. అప్పటికి ఆ రాత చదవగలిగిన ముసలివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు గుర్తించి, వాచకం తయారుచేసి, నంబర్ల కోసం యూనికోడ్ గుమ్మం ఎక్కారు. 2018 జూన్‌లో నంబర్లు వచ్చాయి.

ఆ జూన్‌లో ఒకే బండిలో 684 కొత్త గుర్తులు దిగాయి. గుంజాల గోండీ అందులోనే దిగింది. పక్క సీట్లో 66 బొమ్మలు దిగాయి. వాటి పేర్లు వినండి: మామిడిపండు, నెమలి, చీపురు, దోమ, నీటిగుర్రం, స్నానం సబ్బు, చివరికి దొడ్డికెళ్లాక తుడుచుకునే కాగితపు చుట్ట. ఇందులో కల్పన ఏమీ లేదు. రెండున్నర శతాబ్దాల నాటి లిపీ, నీళ్ల చెంబు తెలియని దేశాల కాగితపు చుట్టా ఒకే రోజు ఒకే రిజిస్టర్‌లో ఎక్కాయి. ఏడాది తిరక్కముందే కాగితపు చుట్ట ప్రతి జేబులోకి చేరింది. ఆపిల్ తన తరహాలో గీసింది, గూగుల్ తన తరహాలో గీసింది, శామ్‌సంగ్ తన తరహాలో గీసింది. పొరలెన్ని కనపడాలి, చివర ఎటు వేలాడాలి అని నిపుణులు తలలు బద్దలు కొట్టుకుని ఉంటారు. ఈరోజు కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర ఏ దుకాణంలో ఏ ఫోను కొన్నా ఆ చుట్ట సిద్ధంగా ఉంటుంది. గుంజాల అక్షరం రాసే మీటలు సిద్ధంగా ఉండవు.

గూగుల్ వాళ్లు తమ నోటో అక్షరాల కుటుంబంలో గుంజాల గోండీకీ ఒక ఫాంటు చేశారు. మంచి పని, కాదనను. ఫాంటు లేని ఫోనులో మాత్రం ప్రతి అక్షరం చోటా ఒక ఖాళీ డబ్బా కనపడుతుంది. ఆ డబ్బాను ఇంజనీర్లు ముద్దుగా టోఫు అంటారు, చైనా సోయా జున్ను ముక్కలా ఉంటుందట. టోఫు ఉండొద్దని కోరుకుంటూ పెట్టుకున్న పేరే నోటో. ఇంద్రవెల్లి పిల్లాడు తన పేరు తన లిపిలో పంపితే అవతలి ఫోన్లో జున్ను ముక్కలు తేలొచ్చు. కాగితపు చుట్ట పంపితే అచ్చుగుద్దినట్టు చేరుతుంది. 2011 జనగణనలో గోండీ మా భాష అని చెప్పుకున్నవాళ్లు 29 లక్షల పైచిలుకు. కాగితపు చుట్ట మా భాష అని ఎవరూ చెప్పుకోలేదు.

ఇక్కడ బొమ్మల మీదే నేరం మోపి చేతులు దులుపుకుంటే అన్యాయం అవుతుంది. వాటి పక్షాన చెప్పాల్సింది ఒకటుంది. యూనికోడ్‌లో మొదటి 65,536 నంబర్లు ఒక ప్రాకారం. తెలుగు లోపలే ఉంది. గోండీ, నవ్వుముఖాలు, కాగితపు చుట్ట ప్రాకారం బయట పడ్డాయి. బయట ఉన్నవాటి కోసం ప్రోగ్రాములు తిరగరాయడానికి చాలామందికి చాలాకాలం ఓపిక లేకపోయింది. బయట ఉన్నది చచ్చిపోయిన లిపులు, అడవి లిపులు, లెక్కల గుర్తులేగా అనుకున్నారు. నవ్వుముఖం పెడితే పేజీ పాడైపోతోందని కొనుగోలుదార్లు అరిచాక ఆఘమేఘాల మీద తిరగరాశారు. అంటే గోండీ అక్షరం వెళ్లే దారిని చదును చేసింది నవ్వుముఖాలే. దారి పడింది, బండి కదల్లేదు. ఎందుకంటే బండి తోలేవాడికి కొనుగోలుదారుడు కనపడాలి. అడవిలో అరిచిన అరుపు అంతదూరం వినపడలేదు.

అదే 2018 ఫిబ్రవరిలో మన తెలుగుకూ ఒక గౌరవం దక్కింది. జ్ఞానం అనే మాటలోని జ్ఞా అనే అక్షరం, లోపల కనపడని గుర్తు ఒకటి దూరడంతో, ఐఫోన్లను పడగొట్టింది. సందేశంలో అది కనపడితే చాలు, యాప్ కుప్పకూలేది. ప్రపంచవ్యాప్తంగా కుర్రాళ్లు పనిగట్టుకుని ఒకరికొకరు జ్ఞానం పంచుకున్నారు. 19వ తేదీన ఆపిల్ మందు వేసింది. లక్ష రూపాయల ఫోనుకు జ్ఞానం పడదని కంపెనీవారే ఒప్పుకున్నట్టయింది. ఆ కనపడని గుర్తుకు ఒక తోడబుట్టింది ఉంది, పక్కపక్క అక్షరాలను అతికించేది. అరబ్బీ, భారతీయ లిపుల అవసరాల కోసం పెట్టింది. ఇప్పుడు దాని ముఖ్యమైన ఉద్యోగం బొమ్మలను అతికించడం. అమ్మా, నాన్నా, ఇద్దరు పిల్లలూ ఉన్న బొమ్మలో నలుగురు మనుషులు, మూడు అతుకులు. పాత ఎస్సెమ్మెస్ లెక్కన కరీంనగర్ ఎనిమిది గుర్తులు, ఆదిలాబాద్ తొమ్మిది, ఆ కుటుంబం పదకొండు. మన లిపికని తెచ్చిన జిగురు, వాళ్ల కాపురానికి పనికొచ్చింది.

బొమ్మా మాటా పక్కపక్కన బతకలేవని నా వాదన కాదు. గంగాధర మండలం కుర్క్యాల బొమ్మలగుట్ట ఎక్కి చూడండి. క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు, అక్కడ రాతి మీద చక్రేశ్వరినీ తీర్థంకరులనూ చెక్కించాడు. చెక్కించి ఊరుకోలేదు. సంస్కృతంలో, కన్నడంలో, తెలుగులో శాసనం వేయించాడు. తెలుగులో దొరికిన తొలి కంద పద్యాలు అవి. బొమ్మ చూసి దండం పెట్టుకునేవాడు పెట్టుకోనీ, చదవగలిగినవాడు చదువుకోనీ అన్నాడు. వెయ్యేళ్ల కింద అంత బండరాయి మీద, అంత ఎండలో, మూడు భాషల్లో రాయించినవాడికి విసుగు పుట్టలేదు. ఏసీ గదిలో కూర్చుని, అద్దం మీద వేలు ఆనిస్తే రాసిపెట్టే యంత్రం చేతిలో ఉండి, "అందింది" అని రాయడానికి మన సార్లకు తీరిక లేదు.

బొటనవేలు అంటే అడవిలో గుర్తొచ్చే కథ వేరే ఉంది. గురుదక్షిణ పేరుతో వేలు పోగొట్టుకున్న కుర్రవాడి పేరే ఆదివాసీ పిల్లల గురుకులాలకు పెట్టింది కేంద్రం, ఏకలవ్య అని. పెట్టినవాళ్లు కథ చివరి దాకా చదివారో, పైనుంచి వచ్చిన ఫైలు మీద వేలెత్తి ఊరుకున్నారో. గోండుల గుస్సాడీ నృత్యం ఆడే మార్లవాయి కళాకారుడు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు చప్పట్ల బొమ్మలకు కరువు లేదు. తలమీద నెమలి ఈకల టోపీ ఉంది గనక నెమలి బొమ్మ కూడా పనికొచ్చింది, కాగితపు చుట్టతో కలిసి వచ్చిన ఆ నెమలే. చప్పట్ల బొమ్మ కొట్టడానికి గోండీ రానక్కర్లేదు, అదొక సౌకర్యం.

అయితే ఈ మధ్య ఒక ఆశ పుట్టింది, అదీ కెనడా నుంచి. సస్కాచెవాన్‌లో ధాన్యం కొనే కంపెనీ ఒక రైతుకు అవిసెల ఒప్పందం ఫొటో తీసి ఫోన్లో పంపింది. రైతు బొటనవేలు పెట్టాడు. ధర పెరిగింది, అవిసెలు రాలేదు. నాకు ముట్టింది అని చెప్పడానికే వేలెత్తాను గానీ ఒప్పుకున్నానని కాదు అన్నాడు రైతు. 2023లో అక్కడి కోర్టు ఆ వేలు సంతకమే అని తేల్చి, 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. మా తాతకు ఈ తీర్పు చదివి వినిపిస్తే కొత్తేముంది బిడ్డా అనేవాడు.

ఈ తీర్పును ఉత్తర తెలంగాణలో ఉన్నపళంగా అమల్లోకి తేవాలి. నల్లా ఫిర్యాదు కింద ఎత్తిన ప్రతి వేలూ నీళ్ల ట్యాంకరుకు హామీపత్రం అనుకుందాం. గ్రూపులన్నీ పైకి జరుపుకుంటూ పోదాం. గోండీ వాచకాలు అచ్చేయించండి, గోండీ చెప్పే పంతుళ్లకు జీతాలియ్యండి, బడి కంప్యూటర్లలో గోండీ ఫాంటు ఎక్కించండి అన్న విన్నపాల కింద ఏయే సార్ల వేళ్లు లేచి ఉన్నాయో తారీఖుల వారీగా జాబితా తీసి కోర్టులో వేద్దాం. పిటిషన్ మాత్రం గుంజాల లిపిలోనే రాద్దాం. జడ్జిగారి కంప్యూటర్లో డబ్బాలు కనపడితే, వాటికి ఒకటో నంబరు సాక్ష్యం అని మార్కు వేయించుకుని వాదన మొదలుపెట్టొచ్చు.